మూడో గడి

స్కోప్యేలో మా ప్రయోగశాలకి
హెల్సింకి నుంచి నెలకో థర్మాస్ ఫ్లాస్కు వచ్చేది.
లోపల మంచు. మంచులో ఉన్ని మేజోడు.
మేజోట్లో మూడు సీసాల సీరం, పగలకుండా.
మేజోడు ఎప్పుడూ ఒక్కటే.
పంపే ఆవిడ ఔనె కెట్టునెన్. ఎన్నడూ చూడలేదు.
పొదుపరి కాబోలు అనుకున్నాను.

సుంకం ఆఫీసరు మూత తీసి వాసన చూశాడు.
"తాగేదా, పూసేదా?"
నెత్తురు ఏ గ్రూపో చెప్పేది అన్నాను.
"ఎవరి నెత్తురు?"
మనదే.
అయితే సుంకం లేదని ముద్ర గుద్దాడు.
సీసాలో ఉన్నది ఎవరి ఒంట్లోంచి వచ్చిందో
అడగలేదు గనక నేనూ చెప్పలేదు.

అరవై ఆరు, మే నెల.
జీపు ముందు సీట్లో ప్రొఫెసర్ బ్లాగోయా,
వెనక నేను, ఒళ్ళో ఐసు డబ్బా.
ప్రెస్పా సరస్సు ఒకటే, ఒడ్డున దేశాలు మూడు.
నీళ్ళలో గీత ఎక్కడుందని అడిగితే
చేపలు పట్టే త్రైకో గడ్డం ఎత్తి చూపించాడు:
"ఆ పడవలో తుపాకివాడు కునుకు తీసేచోట.
వాడు కొట్టుకుపోతే గీతా కొట్టుకుపోతుంది."

ఒక ముసలమ్మ వేలు చాచింది. సూది గుచ్చాను.
"మా చెల్లెలు అవతలి ఒడ్డున ఉంది,
ఇరవై ఏళ్ళుగా దాని ఇంటి పొగ మాత్రం చూస్తున్నా.
ఇంకో చుక్క తీసుకో తల్లీ, దాని వంతు."
మనిషికి ఒక్క చుక్కే లెక్క అన్నాను.
ఆవిడ చాలాసేపు వేలు ముడవలేదు.

పట్టికలో మూడు గడులు.
మొదటిది మాది.
రెండోది తెస్సలోనీకీ నుంచి ఉత్తరంలో వచ్చింది,
అంకెలున్నాయి, సంతకం లేదు.
మూడోది అల్బేనియా. అటునుంచి పొగే వచ్చేది.

డబ్బిచ్చిన మంత్రిత్వశాఖకి
నీళ్ళ దగ్గర ఒక మెట్టు కావాలి:
ఇటు మనం, అటు వాళ్ళు.
అంకెల్లో మెట్టు లేదు, వాలు ఉంది.
చంటిపిల్ల కూడా కూచుని జారగలిగేంత వాలు.
ప్రొఫెసర్ రెండు రాత్రులు నిద్రపోలేదు.
స్కోప్యే పత్రికకి మెట్టు రాశాడు,
హెల్సింకికి వాలు రాశాడు.
తప్పు పట్టను. ఆయనకి ముగ్గురు పిల్లలు.

ఔనె జవాబు నాలుగే వాక్యాలు.
"మూడో గడిలో అడ్డగీత పెట్టారు. తీసెయ్యండి.
ఖాళీ అంటే మనకి తెలియదని.
గీత అంటే అక్కడ ఎవరూ లేరని.
ఈ నెల మేజోడు కాస్త వదులు, క్షమించండి."
అప్పటికే అచ్చయిపోయింది.

తొంభై రెండులో
దేశం పేరు మారింది, ముద్ర మారింది.
ఫ్రిజ్‌లో ఉన్న ప్రతి గొట్టం మీదా
పాత పేరు గీకి కొత్తది అంటించమని
ఒక కుర్రాడు వచ్చి చెప్పాడు.
నెత్తురు కదల్లేదు. జిగురు ఆరింది.

ఆ వారమే కోర్చ నుంచి సోతిర్ వచ్చాడు,
చంకలో బడిపిల్లల నోటుబుక్కు.
అద్దుడు కాగితం మీద ఎండిన చుక్కలు, పక్కన వయసులు.
దొంగచాటుగా తీశాడట, అదే ఏడాది.
సీరం ఎక్కడిదయ్యా అన్నాను.
పెకింగ్ మీదుగా చుట్టు తిరిగి వచ్చేదట.
జేబులోంచి చిమ్మెటలు కొట్టిన మేజోడు తీశాడు.
మా ఇంటికెళ్ళి నాది తెచ్చి పక్కన పెట్టాను.
రంగు కలవలేదు.
మడమ దగ్గర అల్లిక కలిసింది.

నోటుబుక్కులో నలభై ఒక్క మంది.
ఇంకో రెండు పేజీలుండేవట,
ఇల్లు సోదా చేసిన రాత్రి పొయ్యిలోకి పోయాయి.
ఉన్నంతవరకు కూడి
మూడో గడిలో పెన్సిల్‌తో రాశాను.
వాలు అక్కడా ఆగలేదు.

తర్వాత ఆ చెల్లెలి కోసం వెతికాను.
అక్కపేరు ఏదైనా చెప్పు, పోల్చి చూద్దాం అన్నాడు సోతిర్.
నా దగ్గర పేరు లేదు.
మేం పేర్లు రాసేవాళ్ళం కాదు.
నూట ఏడు, ఆడ, అరవై పైన, గ్రూపు బి.